పెద్దల వైద్యం: బీమా కార్డు చూడని ఖర్చు

అరవై దాటిన పెద్దవాళ్లున్న ఇంట్లో ఆరోగ్య బీమా మాట వస్తే ముందుగా వినిపించేది ‘ఎన్ని లక్షలకు ఉంది?’ అన్న ప్రశ్నే. ప్రభుత్వాలు కూడా ఆ అంకెనే ముందు పెట్టుకుని మాట్లాడుతున్నాయి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు కుటుంబానికి 2 లక్షల వరకే ఉన్న పరిమితి, 2023 డిసెంబరు నాటికి తెలంగాణలో 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకు చేరింది. 2024 అక్టోబరు 29న కేంద్ర ప్రభుత్వం డెబ్బై నిండిన ప్రతి ఒక్కరికీ, ఆదాయం ఎంతైనా సరే, ఏడాదికి 5 లక్షల దాకా ఆస్పత్రి వైద్యం ఉచితమని ‘ఆయుష్మాన్ వయ వందన’ కార్డు తెచ్చింది. కాగితం మీద పెద్దలకు ఇంత రక్షణ గతంలో ఎన్నడూ లేదు. అయినా నెల మొదటి వారంలో మందుల షాపు దగ్గర పెద్దవాళ్ల చేతి డబ్బు పడటం ఆగలేదు. ఈ రెండింటికీ పొత్తు కుదరకపోవడానికి కారణం స్పష్టంగానే ఉంది. బీమా మనిషి ఆస్పత్రిలో చేరినప్పుడు మేలుకుంటుంది. వయసు మీద పడ్డాక ఖర్చు మాత్రం ఆస్పత్రిలో చేరకపోయినా ప్రతి నెలా నడుస్తూనే ఉంటుంది. కాబట్టి పెద్దల సొంత ఖర్చు తగ్గించాలంటే కార్డు మీది అంకె పెంచుకోవడం కంటే, ఆ కార్డు కంటికి ఆనని ఖర్చును ముందు పట్టుకోవాలి. ఇంటికైనా, ప్రభుత్వానికైనా ఇదే సరైన వరస అని నేను నమ్ముతున్నాను.

దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో ప్రజలు నేరుగా తమ జేబులోంచి పెట్టుకునేది 2013-14లో 64.2 శాతం. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22కి అది 39.4 శాతానికి తగ్గింది. మంచి మార్పే. కానీ మిగిలిన ఆ 39 శాతం ఎక్కడ పోతోందన్నదే అసలు సంగతి. 2014 నాటి జాతీయ నమూనా సర్వేలో, ఆస్పత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి అయ్యే ఖర్చులో సుమారు 70 శాతం ఒక్క మందులకే పోతోందని తేలింది. వృద్ధుల మీద దేశవ్యాప్తంగా జరిపిన ‘లాసీ’ సర్వే మొదటి విడత ఫలితాలు 2021లో వచ్చాయి. అరవై దాటినవారిలో నూటికి 75 మందికి ఏదో ఒక దీర్ఘకాలిక జబ్బు ఉందని అది చెప్పింది. షుగర్, బీపీ, కీళ్లనొప్పులు, గుండెజబ్బు, ఆయాసం, ఇవేవీ నాలుగు రోజులు మంచం పట్టి లేస్తే పోయేవి కావు, ఏళ్ల తరబడి మాత్రలు మింగిస్తూనే ఉంటాయి. పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం ఇంకా కటువైన నిజం చెప్పింది. 2011-12లో వైద్య ఖర్చుల వల్ల దారిద్య్రరేఖ కిందకి జారినవాళ్లు సుమారు 5.5 కోట్ల మందైతే, వాళ్లలో 3.8 కోట్ల మందిని పడదోసింది మందుల ఖర్చొక్కటే. ఆపరేషన్ల కంటే మాత్రలే ఎక్కువ ఇళ్లను కుంగదీశాయన్నమాట.

ఒక ఇంటి లెక్క వేసి చూద్దాం. భార్యాభర్తలిద్దరికీ షుగర్, బీపీ ఉన్నాయి, ఒకరికి థైరాయిడ్, ఇంకొకరికి గుండెకు మందులు. నెలకు మందులు 4,000 రూపాయలు అనుకుందాం. మూడు నెలలకోసారి రక్తపరీక్షలు, డాక్టరు ఫీజు కలిపి ఇంకో 3,000. ఏడాది తిరిగేసరికి 60,000 అయింది. ఎనిమిదేళ్లకు 4,80,000. అంటే 5 లక్షల పాలసీ దాదాపు పూర్తిగా వాడుకున్నంత వైద్యం ఆ ఇంట్లో జరిగింది, బీమా మాత్రం ఒక్క రూపాయి ఇవ్వలేదు. తెలంగాణలో వృద్ధాప్య పింఛను నెలకు 2,016, ఆంధ్రప్రదేశ్‌లో 4,000 రూపాయలు. ఆ పింఛను మీదే బతికే దంపతుల దగ్గరికి ఇదే చీటీ వస్తే, వాళ్లు మందులు సగం కొంటారు, లేదా రోజు మార్చి రోజు వేసుకుంటారు. అలా తగ్గించిన ఖర్చును ఆదా అనడానికి నోరు రాదు. ఆ సగం మాత్రల ఫలితం రెండు మూడేళ్లలో పక్షవాతంగానో, కిడ్నీ దెబ్బతినడంగానో బయటపడుతుంది.

నా వాదనకు ఒక బలమైన అభ్యంతరం ఉంది. మందుల ఖర్చు నెలకింత అని తెలిసి పెట్టుకునేది, ఎలాగో సర్దుకుంటారు, ఇల్లు మునిగేది మాత్రం ఒక్కసారి వచ్చిపడే ఆస్పత్రి బిల్లుతో, అందుకే పెద్ద మొత్తానికి బీమా ఉండాలి అంటారు. బీమా అవసరం లేదని నేను అనడం లేదు. గుండె ఆపరేషనో, తుంటి ఎముక విరగడమో జరిగినప్పుడు కార్డు లేని ఇల్లు అప్పులపాలవుతుంది. కానీ అంకె పెరిగినకొద్దీ రక్షణ పెరుగుతుందనుకోవడం దగ్గరే చిక్కు. 2017-18 జాతీయ నమూనా సర్వేలో, ప్రసవాలు కాకుండా ఒకసారి ఆస్పత్రిలో చేరితే అయిన సగటు ఖర్చు ప్రైవేటులో 31,845 రూపాయలు, ప్రభుత్వ ఆస్పత్రిలో 4,452. ధరలు అప్పటికీ ఇప్పటికీ పెరిగాయి, నిజమే. రెట్టింపు అయ్యాయనుకున్నా మామూలు ఇంటి బిల్లు 5 లక్షల గడప తొక్కడం అరుదు. పరిమితి 5 నుంచి 25 లక్షలకు పెంచితే ఆదుకునేది అతి కొద్దిమందిని. ఆ కొద్దిమందికి అది ప్రాణాధారమే, కాదనను. కాని ఊరిలో అరవై దాటిన ప్రతి మనిషికీ నెలనెలా బీపీ మాత్ర ఉచితంగా అందితే మేలు పొందేవాళ్ల సంఖ్యతో దానికి పోలికే లేదు. ఇంకో మాట, ఆ ఆస్పత్రి బిల్లు ఆకాశం నుంచి ఊడిపడేది కాదు. అదుపులో లేని బీపీ, షుగర్‌లే చాలాసార్లు మనిషిని ఐసీయూ దాకా తీసుకువెళతాయి. నెల ఖర్చును, ఆస్పత్రి ఖర్చును రెండు వేరు పద్దులుగా చూడటమే పొరపాటు.

మరి నెల ఖర్చు తగ్గేదెలా? మొదటి దారి జనరిక్ మందులు. జన ఔషధి కేంద్రాలు దేశంలో 2023 నవంబరుకే పదివేలు దాటాయి. పేరున్న బ్రాండ్లతో పోలిస్తే అక్కడి ధర సగానికి సగం నుంచి కొన్నిటికి 80 శాతం దాకా తక్కువ. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, గ్యాస్ మాత్రల్లాంటి రోజూ వాడేవన్నీ అక్కడి జాబితాలో ఉంటాయి. పైన చెప్పిన ఇంట్లో 4,000 బిల్లులో సగం మందులు జనరిక్‌కు మారి, వాటి ధర మూడో వంతుకు దిగినా నెలకు 1,300 రూపాయలకు పైగా మిగులుతుంది. అయితే ‘చవక మందు పనిచేస్తుందా?’ అన్న అనుమానం మన దగ్గర బాగా పాతుకుపోయింది. దాన్ని కొట్టిపారేయకూడదు. మన దేశంలో నాసిరకం మందులు పట్టుబడుతూనే ఉన్నాయి. కాకపోతే ఆ జాబితాల్లో పేరున్న కంపెనీల మందులూ కనిపిస్తుంటాయి. పైగా మనం ‘బ్రాండ్’ అని ఎక్కువ ధర పెట్టి కొనేవాటిలో చాలా భాగం, పేటెంటు ఎప్పుడో తీరిపోయిన మందుకు ఒక కంపెనీ తన పేరు తగిలించి అమ్మేవే. లోపల ఉన్నది అదే మందు. మరి డాక్టర్లు ఎందుకు రాయరు? బ్రాండు పేరు కాకుండా మందు పేరే రాయాలని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో నిబంధన తెచ్చి, వైద్య సంఘాలు అభ్యంతరం చెప్పేసరికి అదే నెలలో పక్కన పెట్టింది. కాబట్టి అడగడం రోగి వంతుకే వచ్చింది. చీటీ రాసేటప్పుడే ‘జనరిక్ వాడొచ్చా డాక్టరుగారూ?’ అని అడగవచ్చు, అందులో మొహమాటపడాల్సిందేమీ లేదు. మూర్ఛకు వాడేవి, రక్తం పలచబడటానికి వాడే వార్ఫరిన్, థైరాయిడ్ మాత్రలు, ఇలాంటివాటిలో కొద్ది తేడా కూడా ఇబ్బంది పెడుతుంది. వీటిని మాత్రం డాక్టరుకు చెప్పకుండా మార్చకూడదు.

దీనికంటే ముందు చేయాల్సిన పని ఇంకోటి ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. పెద్దవాళ్లు గుండెకు ఒకరి దగ్గరకు, షుగర్‌కు ఒకరి దగ్గరకు, మోకాళ్లకు ఇంకొకరి దగ్గరకు వెళతారు. ఒక డాక్టరు రాసింది మరొకరికి తెలియదు. ముగ్గురూ తలో గ్యాస్ మాత్ర రాస్తారు. ఒకే మందు రెండు బ్రాండ్ పేర్లతో రెండు చీటీల్లో ఉంటుంది. ఎప్పుడో రెండు నెలలు వాడమన్న విటమిను బిళ్ల మూడేళ్లయినా నడుస్తూ ఉంటుంది. ఇంట్లో ఉన్న మందులన్నీ, అట్టలతో సహా ఒక సంచిలో వేసుకుని ఏడాదికోసారి నమ్మకమైన ఒకే డాక్టరు ముందు పెట్టి ఏవి ఉంచాలో, ఏవి మానాలో అడిగితే ఖర్చు తగ్గుతుంది. ప్రమాదం కూడా తగ్గుతుంది. ఎందుకంటే వయసైనవాళ్లు తూలి పడటానికి, మగతకు అనవసరపు మందులు ఒక పెద్ద కారణం.

రెండో దారి ఊళ్లో ఉన్న ప్రభుత్వ వైద్యం. షుగర్, బీపీ మందులు పీహెచ్‌సీల్లో, ఉప కేంద్రాల్లో ఉచితంగా ఇవ్వాలన్నది పాత విధానమే. 2017లో మొదలైన జాతీయ రక్తపోటు నియంత్రణ కార్యక్రమాన్ని తొలి విడతలోనే అమలు చేసిన అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. దాని పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. ఏ స్థాయి బీపీకి ఏ మాత్ర అన్నది ముందే నిర్ణయించి పెట్టుకోవడం, ఆ మాత్రలు నిండుకోకుండా చూడటం, ఇంటికి దగ్గర్లోనే నెల మందులు ఇచ్చి కొలత రాసుకోవడం. హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానాలు పనిచేస్తున్నాయి, అక్కడ ఇచ్చిన రక్తం నమూనాకు తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబుల్లో ఉచితంగా పరీక్షలు జరుగుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామాల్లో విలేజ్ క్లినిక్‌లు, పట్టణాల్లో అర్బన్ హెల్త్ సెంటర్లు ఉన్నాయి. ‘అక్కడ గంటలకొద్దీ నిలబడాలి, ఒక్కోసారి మందులుండవు, డాక్టరు సరిగా చూడరు’ అన్న ఫిర్యాదు అబద్ధం కాదు. మోకాళ్లు పట్టేసిన మనిషికి రెండు కిలోమీటర్లు నడిచి వెళ్లి ‘స్టాకు లేదు, వచ్చే వారం రండి’ అనిపించుకోవడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. కానీ అంతా ప్రైవేటు, లేకపోతే అంతా ప్రభుత్వం అని గిరి గీసుకోవాల్సిన పని లేదు. జబ్బు నిర్ధారణకు, మందు మార్చాల్సి వచ్చినప్పుడు నచ్చిన స్పెషలిస్టు దగ్గరకు వెళ్లి, ఆ మధ్య నెలల మాత్రలు, మామూలు రక్తపరీక్షలు ఊళ్లోనే తీసుకుంటే ఏడాది ఖర్చులో పెద్ద ముక్క తగ్గిపోతుంది.

ఓపీ, మందులు చూసే బీమా మన దేశంలో అసలు లేదా అంటే, ఉంది. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు సీజీహెచ్‌ఎస్, మాజీ సైనికులకు ఈసీహెచ్‌ఎస్ ఉన్నాయి. వాళ్లు వెల్‌నెస్ సెంటర్‌లోనో పాలీక్లినిక్‌లోనో డాక్టరుకు చూపించుకుని నెలకు సరిపడా మందులు తెచ్చుకుంటారు. పెద్దలకు నిజంగా ఏం కావాలో తెలిసి కట్టిన పథకాలు ఇవే. ఇక్కడొక హెచ్చరిక అవసరం. డెబ్బై నిండి ఈ పథకాల్లో ఉన్నవారు వయ వందన కార్డు కావాలంటే రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. వయ వందన ఆస్పత్రిలో చేరినప్పటి వైద్యానికే పనికొస్తుంది. అందుకని 5 లక్షలు అన్న మాట విని సీజీహెచ్‌ఎస్‌ను వదులుకుంటే నెలనెలా వచ్చే మందులు పోతాయి. ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్లకూ, ఈఎస్‌ఐలో ఉన్నవాళ్లకూ ఈ పట్టింపు లేదు, ఉన్నదాంతో పాటు ఈ కార్డు కూడా తీసుకోవచ్చు.

సీజీహెచ్‌ఎస్, ఈసీహెచ్‌ఎస్ లాంటివి లేని డెబ్బై దాటిన ప్రతి పెద్దమనిషీ వయ వందన కార్డు చేయించుకోవాల్సిందే. ఆధార్ ఒక్కటి చాలు, వయసుకు అదే ఆధారం. పాత జబ్బులకు ఎదురుచూపు లేదు, చేరిన రోజు నుంచే వర్తిస్తుంది. ఇప్పటికే పేద కుటుంబంగా ఆయుష్మాన్ భారత్‌లో ఉన్న ఇంట్లో డెబ్బై దాటినవారికి ఇది విడిగా ఇంకో 5 లక్షలు. అయితే ఆ 5 లక్షలు ఇంటికి కలిపి. భార్యాభర్తలిద్దరూ డెబ్బై దాటితే ఇద్దరూ అందులోంచే వాడుకోవాలి. డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు కూడా ప్యాకేజీలోనే ఉన్నాయన్న సంగతి చాలామందికి తెలియదు. బిల్లింగ్ కౌంటరు దగ్గర అడగకపోతే బయట షాపులో కొనిపిస్తారు. అలాగే ఆరోగ్యశ్రీలో కొన్ని ఆపరేషన్లకు ఏడాది దాకా ఫాలో-అప్ మందులు, పరీక్షలు ఉన్నాయి. ఆ ఆపరేషను జాబితాలో ఉందో లేదో ఆస్పత్రిలో ఉండే పథకం ప్రతినిధి ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి. ఉచిత పథకంలో చేరాక ‘పైన ఇంత కట్టండి’ అంటే రసీదు అడగాలి, ఆరోగ్యమిత్రకు చెప్పాలి. బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేయడం రెండు రాష్ట్రాల్లోనూ ఒకటికి రెండుసార్లు జరిగింది. పరిమితి ఎంత పెంచారన్నది వార్త అయినంతగా, బకాయి ఎంత పేరుకుందన్నది వార్త కాకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. అప్పు పెట్టిన 25 లక్షల కార్డు కంటే సకాలంలో చెల్లించే 5 లక్షల కార్డు రోగికి ఎక్కువ మేలు చేస్తుంది.

ఇక సొంతంగా ప్రీమియం కట్టి తీసుకునే పాలసీల సంగతి. ఇక్కడ కూడా అంకె మోసపుచ్చుతుంది, ఎందుకంటే చేతి చమురు వదిలించేది పాలసీ మొత్తం కాదు, లోపల సన్న అక్షరాల్లో ఉండే కోతలు. లెక్క కోసం ఒక ఉదాహరణ. పాలసీ 5 లక్షలు, రోజుకు గది అద్దె పరిమితి అందులో ఒక శాతం, అంటే 5,000. రోగి వాటా, అంటే కో-పే, 20 శాతం. పెద్దాయన అయిదు రోజులు 10,000 అద్దె గదిలో ఉన్నారు. గదికి 50,000, డాక్టర్లు, నర్సింగు, థియేటరుకు 1,20,000, మందులు, పరీక్షలు, ఇంప్లాంట్‌కు 90,000, మొత్తం 2,60,000 బిల్లు. గది అద్దె పరిమితికి రెట్టింపు కాబట్టి అద్దెలో సగమే ఇస్తారు. అంతటితో ఆగదు, దాంతో ముడిపడిన డాక్టరు, థియేటరు ఖర్చుల్లో కూడా సగమే ఇస్తారు. అంటే 25,000, 60,000. మందులు, పరీక్షలు, ఇంప్లాంట్ మీద ఈ సగం కోత వేయకూడదని బీమా నియంత్రణ సంస్థ నిబంధన ఉంది, కానీ గ్లౌజులు, మాస్కుల్లాంటి ‘చెల్లించని వస్తువులు’ ఒక 10,000 తీసేస్తే 80,000. మొత్తం 1,65,000. అందులో 20 శాతం రోగి వాటా పోగా బీమా ఇచ్చేది 1,32,000. ఇంటివాళ్లు కట్టాల్సింది 1,28,000. 5 లక్షల పాలసీ చేతిలో ఉండి, బిల్లు అందులో సగమే అయినా, దాదాపు సగం డబ్బు సొంతంగా పెట్టుకున్నారు. అదే మనిషి 5,000 గదిలో ఉండి ఉంటే? గది 25,000, గదిని బట్టి తగ్గిన డాక్టరు ఖర్చులు 90,000 అనుకుంటే, మందులు అవే 90,000, బిల్లు 2,05,000. చెల్లించని వస్తువులూ రోగి వాటా పోగా బీమా 1,56,000 ఇస్తుంది, ఇంటివాళ్ల మీద పడేది 49,000. అయిదు రాత్రుల గది తేడా 79,000 రూపాయలు తెచ్చింది. ఆస్పత్రిలో చేర్చే హడావుడిలో ‘మంచి గది ఇవ్వండి’ అనడం ప్రేమే. ఆ మాట అనే ముందు పాలసీలో గది పరిమితి చూసుకోవడం కూడా ప్రేమే.

అందుకని పాలసీ ఎంచుకునేటప్పుడు 5 లక్షలా 10 లక్షలా అన్నదానికంటే ముందు మూడు సంగతులు చూడాలి. గది అద్దెకు పరిమితి ఉందా, రోగి వాటా ఎంత, శుక్లాలు, మోకాలి మార్పిడి వంటి పెద్దల ఆపరేషన్లకు విడిగా గరిష్ఠ మొత్తం పెట్టారా. అన్ని కంపెనీలూ ఒకే తీరుగా అమ్మాల్సిన ఆరోగ్య సంజీవని పాలసీ దీనికి మంచి కొలమానం. 2020లో వచ్చిన దానిలో రోగి వాటా 5 శాతమే, గది అద్దె పాలసీలో 2 శాతం, గరిష్ఠంగా రోజుకు 5,000, శుక్లాల ఆపరేషనుకు కంటికి పాలసీలో పాతిక శాతం లేదా 40,000, ఏది తక్కువైతే అది. ఏజెంటు చూపించే పాలసీని దీని పక్కన పెట్టి పోల్చి చూస్తే ఎక్కడ కోత ఉందో ఇట్టే తెలుస్తుంది. ఈ పాలసీలో ఆస్పత్రిలో చేరడానికి 30 రోజుల ముందు, డిశ్చార్జి అయ్యాక 60 రోజుల వరకు అదే జబ్బుకు అయిన ఖర్చు కూడా వస్తుంది, చాలా పాలసీల్లో ఇలాంటి గడువు ఉంటుంది. ఆపరేషనుకు ముందు తీసిన స్కాన్, తర్వాత రెండు నెలలు వాడిన మందులు, ఫాలో-అప్ ఫీజు, అన్నీ. మామూలు పాలసీల్లో ఓపీ ఖర్చును బీమా చూసే సందర్భం దాదాపు ఇదొక్కటే, దాన్నీ క్యాష్‌లెస్ అయిపోయిందిగా అని బిల్లులు పారేసి వదులుకుంటున్నారు.

ప్రీమియం సంగతిలో ఇటీవల కొన్ని మార్పులు పెద్దలకు అనుకూలంగా వచ్చాయి. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 ఏప్రిల్ నుంచి, 65 దాటినవారికీ కొత్తగా పాలసీ తీసుకునే వీలు కల్పించింది. పాత జబ్బులకు ఎదురుచూడాల్సిన గరిష్ఠ కాలాన్ని నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది. పెద్దల ప్రీమియం ఏడాదిలో 10 శాతం మించి పెంచాలంటే ముందుగా తనను సంప్రదించాలని 2025 జనవరిలో కంపెనీలకు చెప్పింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ పూర్తిగా తీసేశారు. అయినా డెబ్బై దాటినవారికి ప్రీమియం తడిసి మోపెడవుతూనే ఉంది. పిల్లల ఆఫీసు బృంద బీమాలో తల్లిదండ్రులను చేర్చే వీలుంటే సాధారణంగా అదే చవక, పాత జబ్బులకు చాలాచోట్ల ఎదురుచూపు కూడా ఉండదు. ఉద్యోగం మారితే అది పోతుంది కాబట్టి దాని మీద ఒక సూపర్ టాప్-అప్ పాలసీ పెట్టుకోవడం తెలివైన పని. మొదటి 5 లక్షల దాకా తాను ఇవ్వనని, ఏడాదిలో ఆ పైన అయినదాన్ని తన పరిమితి దాకా ఇస్తానని ఒప్పుకునే పాలసీ కాబట్టి దాని ప్రీమియం మామూలు పాలసీ కంటే చాలా తక్కువ. అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్న పిల్లలు ఇక్కడి తల్లిదండ్రులకు కోటి రూపాయల పాలసీ కొనిపెట్టి నిశ్చింతగా ఉండటం మామూలైంది. ఆ ప్రీమియంలో కొంత తగ్గించి ఆ డబ్బుతో నెలనెలా మందులు ఇంటికి చేరేటట్టు, ఏడాదికి రెండుసార్లు పూర్తి పరీక్షలు జరిగేటట్టు చూస్తే ఆ పాలసీ వాడాల్సిన అవసరమే తగ్గుతుంది.

పాలసీ తీసుకునేటప్పుడు షుగర్, బీపీ దాచిపెట్టమని చెప్పే ఏజెంట్లున్నారు. ఆ మాట వింటే కొంప మునుగుతుంది. క్లెయిమ్ తిరస్కరించడానికి కంపెనీకి అంతకంటే సులువైన సాకు దొరకదు. అన్నీ చెప్పి తీసుకుని, అయిదేళ్లు ఆపకుండా కట్టిన పాలసీలో మోసం రుజువైతే తప్ప ‘మీరు ఫలానాది చెప్పలేదు’ అని క్లెయిమ్ కొట్టేయడానికి వీల్లేదు, ఇంతకుముందు ఈ గడువు ఎనిమిదేళ్లుండేది. క్లెయిమ్ అన్యాయంగా తగ్గించినా, తిరస్కరించినా ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ ఆఫీసు పరిధిలోవే. ఆదాయపన్ను పాత పద్ధతిలో కట్టేవారికి ఇంకో ఊరట ఉంది. అరవై దాటిన తల్లిదండ్రుల ప్రీమియం మీద ఏడాదికి 50,000 వరకు మినహాయింపు సంగతి అందరికీ తెలుసు. వాళ్లకు అసలు బీమాయే లేకపోతే, వాళ్ల వైద్యానికి, మందులకు పెట్టిన ఖర్చును కూడా అదే 50,000 పరిమితిలో చూపించవచ్చన్నది చాలామందికి తెలియదు. నగదుగా కాకుండా ఫోన్ పేమెంటో, కార్డో వాడాలి, బిల్లులు దాచుకోవాలి.

కళ్లజోడు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్లు ఏ బీమాలోనూ దాదాపు లేవు. పెద్దల రోజు గడవడానికి ఇవి ఆపరేషన్ల కంటే తక్కువ ముఖ్యం కాదు. తెలంగాణలో 2018లో మొదలైన కంటి వెలుగు ఊరూరా శిబిరాలు పెట్టి కళ్లు చూసి జోళ్లు ఇచ్చింది. బీమా లేకుండానే ఖర్చు తగ్గించవచ్చని అది చూపించింది.

చివరగా అందరూ వేసే ప్రశ్న: ఓపీ, మందులు కూడా ఉచితమంటే ఖజానా తట్టుకుంటుందా? ప్రైవేటు క్లినిక్కుల ఓపీ బిల్లులకు బీమా ద్వారా డబ్బు చెల్లించడం మొదలుపెడితే తట్టుకోదు, ఆ భయం సమంజసమే. ప్రతి జలుబుకూ ఒక బిల్లు పుడుతుంది, దొంగ బిల్లులు పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. కానీ మందులను బీమాతో కొనాల్సిన పని లేదు. తమిళనాడు 1994లో ఒక మందుల కార్పొరేషన్ పెట్టి, కంపెనీల నుంచి టోకుగా, బహిరంగ టెండర్లతో కొని, ప్రతి బ్యాచ్ పరీక్షించి, జిల్లా గోదాముల నుంచి ప్రభుత్వ ఆస్పత్రులకు పంపుతోంది. రాజస్థాన్ అదే బాటలో 2011 అక్టోబరు 2న ఉచిత మందుల పథకం మొదలుపెట్టింది. టోకు ధరకూ, షాపులో మనం కొనే ధరకూ ఉన్న తేడా ఎంత పెద్దదంటే, ఆస్పత్రి బిల్లులకు పెట్టే సొమ్ములో కొద్ది భాగంతో షుగర్, బీపీ, గుండె, థైరాయిడ్ మందులు లక్షలమందికి ఇవ్వవచ్చు. మన రెండు రాష్ట్రాలకూ ఇలాంటి కార్పొరేషన్లు ఇప్పటికే ఉన్నాయి. లేనిది పెద్దల జాబితాకు కచ్చితమైన హామీ. డెబ్బై దాటినవారి వివరాలు వయ వందన కార్డుల్లో ఆధార్‌తో సహా నమోదవుతున్నాయి. ఆ కార్డు చూపించిన మనిషికి విలేజ్ క్లినిక్‌లోనో, బస్తీ దవాఖానాలోనో, నడవలేనివాళ్లకు ఆశా కార్యకర్త చేతనో నెల మందులు అందాలి. స్టాకు లేకపోతే పక్కనే ఉన్న జన ఔషధి కేంద్రంలో అదే చీటీకి ఇచ్చి ప్రభుత్వం ఆ డబ్బు కట్టాలి. ఏ కేంద్రంలో ఏ మందు ఎన్ని రోజులు లేదో నెలనెలా జిల్లాలవారీగా బయటపెట్టాలి. వచ్చే బడ్జెట్లలో పరిమితి ఇంకెంత పెంచారని కాకుండా ఈ మూడు పనులకు ఎంత కేటాయించారని రెండు శాసనసభల్లోనూ ఎవరైనా అడగాలి.